మొదటి విల్లు కొనబోతున్నారా? ముందు పౌండ్ల సంగతి తేల్చుకోండి

నేను కొన్న మొదటి విల్లు ఇప్పటికీ అటక మీదే ఉంది. 45 పౌండ్ల లాంగ్‌బో, అంటే పూర్తిగా లాగి పట్టుకోవడానికి 45 పౌండ్ల బలం కావాల్సిన పొడవాటి విల్లు. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి మనసు పారేసుకున్నాను. అమ్మినతను ఫోన్‌లో "మగాళ్లకి 45 అయితే కరెక్టండీ, 25 అంటే పిల్లలాట" అన్నాడు, నేనూ పౌరుషానికి పోయి సరే అన్నాను. పార్సిల్ వచ్చిన రోజు నారి ఎక్కించడానికే ఇరవై నిమిషాలు పట్టింది. మొదటి వారంలో నారి తగిలి ముంజేయి కమిలిపోయింది, రెండో వారంలో కుడి భుజం పట్టేసింది, మూడో వారానికి షర్టు తొడుక్కోవడానికి ఇంట్లోవాళ్ల సాయం కావాల్సొచ్చింది. ఆ మూడు వారాల్లో నేను నేర్చుకున్న విలువిద్య ఎంతంటే సున్నా, ఎందుకంటే బలమంతా విల్లు లాగడానికే సరిపోయేది, గురి చూసే తీరిక ఎక్కడిది?

ఈ మధ్య మా అక్క కొడుకు వచ్చి "మావయ్యా, నాకో విల్లు కొనాలి, ఎంతలో వస్తుంది?" అని అడిగాడు. ఎంతలో అన్నది ఆఖరి ప్రశ్న, దానికి ముందు ఐదారు ఉన్నాయి, అవి తేలితే విల్లు దాదాపు తనంతట తనే తేలిపోతుంది అని చెప్పి కూర్చోబెట్టాను. వాడికి చెప్పిన వరసలోనే ఇక్కడ రాస్తున్నాను.

ఎందుకు కావాలో తేల్చుకోండి

ట్రెడిషనల్ విల్లు అంటే స్థూలంగా ఒక చెక్క, ఒక నారి, మీ కన్ను, అంతే. గురి చూసే సైటు, విల్లుని నిలకడగా ఉంచే స్టెబిలైజర్ కడ్డీలు, చక్రాలు, కేబుళ్లు ఏవీ ఉండవు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ వేసేది కాంపౌండ్ బో. దాని చివర్లలో చక్రాలుంటాయి, పూర్తిగా లాగాక చేతి మీద పడే బరువు చాలావరకు తగ్గిపోతుంది. బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వేసినది ఒలింపిక్ రికర్వ్, దానికి సైటూ కడ్డీలూ ఉంటాయి. టీవీలో వాళ్లను చూసి మనసైతే మీకు కావాల్సింది ట్రెడిషనల్ విల్లు కాదు. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉన్న అకాడమీ కావాలి. పిల్లల్ని పోటీలకు పంపే ఆలోచన ఉంటే రూపాయి ఖర్చు పెట్టకముందే కోచ్‌ని కలవండి, మొదట్లో చాలా చోట్ల వాళ్ల విల్లే ఇస్తారు. మన దేశంలో వెదురు విల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ అనే విభాగం కూడా ఉంది, ఆ దారిలో వెళ్లాలన్నా ఏ విల్లు తీసుకోవాలో కోచ్ చెప్పాల్సిందే.

అదేమీ కాదు, సాయంత్రం పూట ఖాళీ స్థలంలో నాలుగు బాణాలు వేసుకోవాలి, ఫోన్ పక్కన పడేసి గంటసేపు మనసు ఒక్క చోట పెట్టాలి అనుకుంటే మాత్రం సరైన చోటికే వచ్చారు. వేట ఆలోచన ఉంటే ఇక్కడే వదిలేయండి, 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

ఏ రకం విల్లు?

మొదటిసారి కొనేవాళ్ల ముందుకు నాలుగు రకాలొస్తాయి. నా పక్షపాతం దాచుకోను, నూటికి తొంభై మందికి నేను చెప్పేది టేక్‌డౌన్ రికర్వే.

టేక్‌డౌన్ అంటే విల్లు మూడు ముక్కలుగా విడిపోతుంది. మధ్యలో పట్టుకునే చెక్క భాగాన్ని రైజర్ అంటారు, పైనా కిందా బోల్టులతో బిగించే రెండు రెక్కల్ని లింబ్స్ అంటారు. లింబ్స్ చివర్లు మన నుంచి అవతలికి వంపు తిరిగి ఉంటాయి, రికర్వ్ అనే పేరు అందుకే వచ్చింది. సంచిలో పెట్టుకుని బస్సెక్కొచ్చు కూడా, కానీ అసలు లాభం అది కాదు. ఈ రోజు 20 లేదా 25 పౌండ్ల లింబ్స్‌తో మొదలుపెట్టి, ఎనిమిది నెలల తర్వాత రైజర్ అలాగే ఉంచి 30 పౌండ్ల లింబ్స్ మాత్రమే కొనుక్కోవచ్చు. నా లాంగ్‌బోకి ఆ అవకాశం ఉంటే ఈ పాటికి అటక దిగేది. కొరియా కంపెనీ సమిక్ తెచ్చిన సేజ్ అనే 62 అంగుళాల విల్లు ప్రపంచమంతా మొదటి విల్లుగా పేరు తెచ్చుకున్నది ఈ సౌలభ్యం వల్లే, దాని నమూనాలో వచ్చినవి ఇప్పుడు చాలా దొరుకుతున్నాయి. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే ఐఎల్ఎఫ్ అనే ప్రామాణిక అమరిక ఉన్న రైజర్ తీసుకోండి, దానికి ఏ కంపెనీ ఐఎల్ఎఫ్ లింబ్స్ అయినా ఎక్కుతాయి, పైగా రెండేసి పౌండ్ల తేడాతో దొరుకుతాయి.

లాంగ్‌బో చూడ్డానికి అందంగా ఉంటుంది, చేతిలో తేలిగ్గా ఉంటుంది. వదిలినప్పుడు మాత్రం చేతికి జిల్లుమని అదురు తగులుతుంది, కొందరికి అదే ఇష్టం, కొందరికి మణికట్టు నొప్పి. ఎక్కువ భాగం ఒకే ముక్కగా వస్తాయి కాబట్టి పౌండ్లు మార్చుకునే దారి లేదు. రెండో విల్లుగా కొనండి.

హార్స్‌బో అంటే గుర్రం మీద నుంచి వేయడానికి పుట్టిన పొట్టి విల్లు. టర్కీ, మంగోలియా, హంగరీ, కొరియా ఎవరి శైలి వాళ్లది. బాణం ఆనించే గట్టు ఉండదు, పట్టుకున్న చేతి మీదే బాణం ఆనుతుంది, ఈక వెళ్తూ వెళ్తూ చర్మం కోస్తుంది కాబట్టి ఆ చేతికి తొడుగు ఉండాలి. బొటనవేలికి ఉంగరం తొడిగి ఆ వేలితోనే నారి లాగడం వీటి అసలు పద్ధతి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్తే జేడ్ రాతితో చేసిన అలాంటి ఉంగరం, షాజహాన్ బిరుదు చెక్కినది, చూడొచ్చు. ఏకలవ్యుడి కథలో ద్రోణుడు బొటనవేలే ఎందుకు అడిగాడో ఆ ఉంగరం ముందు నిలబడితే నాకు అర్థమైంది, ఆ పద్ధతిలో లాగేవాడికి బొటనవేలు పోతే అన్నీ పోయినట్టే. మనం మామూలుగా నేర్చుకునే మూడు వేళ్ల పద్ధతిలో బొటనవేలికి పనే లేదు. హార్స్‌బో తప్పు కాదు, నేర్పేవాళ్లుంటే హాయిగా కొనుక్కోండి, ఒంటరిగా నేర్చుకునేవాళ్లకి మాత్రం కష్టం.

ఇక వెదురు విల్లు. నల్లమలలో చెంచుల దగ్గర, గోదావరి ఏజెన్సీలో కోయల దగ్గర, కొండరెడ్ల దగ్గర తరతరాలుగా ఉన్నది ఇదే, అల్లూరి సీతారామరాజు విగ్రహాల్లో చేతిలో కనిపించేదీ విల్లే. బాగా చేసిన వెదురు విల్లు చవకలో దొరికే అద్భుతం. చిక్కేమిటంటే ఏ రెండూ ఒకలా ఉండవు, ఎన్ని పౌండ్లో రాసి ఉండదు, చేసినవాడిని నమ్మాలి. ఇండియన్ రౌండ్‌కి వెళ్లేవాళ్లు, లేదా చేసేవాళ్లు నేరుగా తెలిసినవాళ్లు తీసుకోండి. వీడియోలు చూసి పీవీసీ పైపుతో ఇంట్లో చేసుకుందామనే సంకల్పం ఉంటే మానుకోండి, పైపు ఎండకి పెళుసుబారి మొహం ముందే పగిలే ప్రమాదం ఉంది.

కన్ను, తర్వాత చేయి

విల్లు కొనేముందు మీ కుడి కన్ను పెద్దదో ఎడమ కన్ను పెద్దదో తెలియాలి. సైజులో కాదు, పెత్తనంలో. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు బయటికి పెట్టి, బొటనవేళ్ల మధ్య చిన్న సందు ఉండేలా కలపండి. ఆ సందులోంచి దూరంగా ఉన్న స్విచ్చునో గడియారాన్నో రెండు కళ్లతో చూడండి. చూస్తూ చేతుల్ని నెమ్మదిగా మొహం దగ్గరికి తెచ్చుకుంటే, మీకు తెలియకుండానే ఒక కన్ను మీదికి వస్తాయి. అదే మీ పెత్తందారు కన్ను.

కుడిచేతి వాటం, కుడి కన్ను అయితే సమస్య లేదు, కుడిచేతి విల్లు తీసుకోండి. కుడిచేతి విల్లు అంటే ఎడమ చేత్తో పట్టుకుని కుడి చేత్తో లాగేది, ఇక్కడ చాలామంది పొరబడి ఉల్టా ఆర్డర్ పెడతారు. మా వాడి విషయంలో తిరకాసు వచ్చింది, రాసేది కుడి చేత్తో, పెత్తనం ఎడమ కన్నుది. ఇలాంటప్పుడు రెండు దారులు. కుడిచేతి విల్లే తీసుకుని వేసేటప్పుడు ఎడమ కన్ను మూసుకోవడం ఒకటి. కన్ను మాటే విని ఎడమచేతి విల్లుతో నేర్చుకోవడం రెండోది. ఎలాగూ ఏ చేతికీ అలవాటు లేదు కాబట్టి, కొత్తవాళ్లకి రెండోదే మంచిదని నా నమ్మకం. కాకపోతే మన దగ్గర ఎడమచేతి రైజర్లు దుకాణంలో సిద్ధంగా ఉండవు, మా వాడికి తెప్పించడానికి నెల ఆగాం. ఆ నెల వాడు నన్ను తిట్టుకున్నాడనే అనుకుంటున్నాను.

మీ బార ఎంత?

ఇప్పుడు ఎంత దూరం లాగుతారో కొలవాలి. దీన్ని డ్రా లెంగ్త్ అంటారు. గోడకి వీపు ఆనించి రెండు చేతులూ బార్లా చాపండి, అతిగా సాగదీయొద్దు. టైలర్ టేపుతో ఒక నడిమివేలి కొస నుంచి రెండో నడిమివేలి కొస దాకా కొలవండి. మన పాతవాళ్లు తాళ్లు కొలిచే బార ఇదే. దాన్ని రెండున్నరతో భాగిస్తే డ్రా లెంగ్త్ సుమారుగా వచ్చేస్తుంది. మా వాడి బార 168 సెంటీమీటర్లు, అంటే 66 అంగుళాలు, రెండున్నరతో భాగిస్తే ఇరవై ఆరున్నర అంగుళాలు.

ఈ అంకె ఎందుకంత ముఖ్యమో చూడండి. విల్లు మీద 30# @ 28" అని రాసి ఉంటుంది. 28 అంగుళాల దాకా లాగితే 30 పౌండ్లు అని దానర్థం. మీరు ఇరవై ఆరున్నర దాకానే లాగితే 30 రాదు, ఒక్కో అంగుళానికి రెండు మూడు పౌండ్ల చొప్పున తగ్గి 26, 27 దగ్గర ఆగుతుంది. పొడవాటి మనిషి 30 అంగుళాలు లాగితే అదే విల్లు 35 అవుతుంది. కంపెనీలన్నీ ఈ 28 కొలతనే పట్టుకుంటాయి కానీ మనలో చాలామంది 28 దాకా రారు, ఆడవాళ్లకి 24, 25 కూడా మామూలే. కాబట్టి విదేశీ చార్టులు చూసి "సగటు మనిషికి" అన్నది మనకే అనుకోవద్దు.

విల్లు పొడవు కూడా దీన్నుంచే వస్తుంది. డ్రా లెంగ్త్ 26 లోపు ఉంటే 62 అంగుళాల రికర్వ్ చక్కగా సరిపోతుంది, 26 నుంచి 28 మధ్య అయితే 64 లేదా 66, ఆపైన 66, 68. సేజ్ లాంటి 62తో 28 దాకా లాగొచ్చు కానీ పొట్టి విల్లు ఎక్కువ లాగే కొద్దీ నారి మధ్యలో కోణం ఇరుకై వేళ్లను నొక్కేస్తుంది. పొడవు కాస్త ఎక్కువైతే నష్టం లేదు, మీ చేతి పొరపాట్లను అది కొంత మన్నిస్తుంది. చెక్కతోనో వెదురుతోనో చేసిన విల్లయితే కనీసం డ్రా లెంగ్త్‌కి రెండింతలు, దాని మీద ఇంకో పదో వంతు ఉండాలన్నది చేసేవాళ్ల లెక్క. ఎంత లాగడానికి చేశారో అడగండి, అంతకు మించి లాగొద్దు. ఎక్కుపెట్టి విల్లు విరగ్గొట్టి కూడా మెప్పు పొందడం రాముడికే చెల్లింది.

పౌండ్లు: ఇక్కడే అందరం బోల్తా పడేది

పౌండ్లంటే మనకి బరువు అందదు, అందుకే కేజీల్లో చెప్తాను. ఇంటికొచ్చే సిలిండర్‌లో గ్యాస్ మాత్రమే 14.2 కేజీలు, అంటే 31 పౌండ్లు. 30 పౌండ్ల విల్లు లాగి పట్టుకోవడమంటే దాదాపు అంత బరువుని మూడు వేళ్లతో దవడ దగ్గర ఆపి, వణక్కుండా, ఊపిరి బిగపట్టకుండా, గురి చూడ్డం. నా 45 పౌండ్ల విల్లు 20 కేజీల పైమాట. 25 కేజీల బియ్యం బస్తా 55 పౌండ్లు. బస్తా ఎత్తగలిగినవాడు కూడా ఈ పని చేయలేడు, ఎందుకంటే విల్లు లాగేది చేతి కండతో కాదు, వీపు మీద రెక్కల మధ్య కండరాలతో, అవి మనకి ఉన్నాయన్న సంగతి విల్లు పట్టుకునేదాకా తెలియదు.

నేను చెప్పే అంకెలు ఇవి, మీ డ్రా లెంగ్త్ దగ్గర నిజంగా పడే బరువు లెక్కలో. పన్నెండేళ్ల లోపు పిల్లలకి 10 నుంచి 15. టీనేజీ పిల్లలకి, చాలామంది ఆడవాళ్లకి 16 నుంచి 22. మగవాళ్లకి 20 నుంచి 28. జిమ్‌కి వెళ్తున్నాను కదా అంటారు, వెళ్లండి, అయినా 30 దాటొద్దు. ఈ అంకెలు చిన్నతనంగా అనిపిస్తే ఒక మాట. 1545లో మునిగిపోయిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్‌ని 1982లో పైకి తీసినప్పుడు దాని సామానులో వందకు పైగా లాంగ్‌బోలు బయటపడ్డాయి, వాటిలో చాలావరకు వంద పౌండ్ల పైనేనని లెక్కగట్టారు. ఆ విలుకాళ్లు చిన్నప్పటి నుంచీ అదే పని మీద పెరిగినవాళ్లు. మనం ఆఫీసు కుర్చీలో పెరిగినవాళ్లం.

కొనేముందు లాగి చూసే అవకాశం ఉంటే ఈ పరీక్ష పెట్టుకోండి. విల్లుని గురి ఎత్తులోనే ఉంచి, ఆకాశంలోకి ఎత్తకుండా, సూటిగా వెనక్కి లాగండి. ఎత్తితే తప్ప లాగలేకపోతున్నారంటే అది ఎక్కువ బరువు. లాగి, చూపుడువేలు నోటి మూల దగ్గర ఆనించి పది లెక్కపెట్టండి, నెమ్మదిగా ముందుకు తీసుకురండి, అరనిమిషం ఆగి మళ్లీ, ఇలా ఐదుసార్లు. ఐదోసారి ఎనిమిది లెక్క దగ్గర చేయి వణికితే ఐదు పౌండ్లు దిగండి. ఒక్క జాగ్రత్త, లాగినదాన్ని బాణం లేకుండా ఎప్పుడూ వదిలేయొద్దు. బాణంలోకి పోవాల్సిన శక్తంతా లింబ్స్‌లోకే తన్నుకొచ్చి ఒక్కసారికే పగిలిపోవచ్చు. స్నేహితులెవరైనా "ఏదీ ఒకసారి ఇవ్వరా" అని తీసుకున్నప్పుడు జరిగేది సరిగ్గా ఇదే, ఇచ్చేముందే చెప్పండి.

విల్లు మీద రాసిన అంకెని కూడా గుడ్డిగా నమ్మక్కర్లేదు. ప్రయాణాల్లో సూట్‌కేసు తూచే చిన్న డిజిటల్ లగేజీ తూకం ఉంటుంది కదా, దాని కొక్కేన్ని నారి మధ్యలో తగిలించి, బాణం మీద మీ డ్రా లెంగ్త్ దగ్గర స్కెచ్ పెన్‌తో గీత పెట్టుకుని, ఇద్దరు మనుషులు కలిసి ఆ గీత దాకా లాగి చూడండి. మా వాడి 25 పౌండ్ల లింబ్స్ ఇరవై ఆరున్నర దగ్గర 9.9 కేజీలు చూపించాయి, 2.2తో గుణిస్తే దాదాపు 22 పౌండ్లు. వాడి మొహం కొంచెం వాడిపోయింది. నాకు మాత్రం అదే కావాలి.

చేతికొచ్చాక చూడాల్సినవి

కొత్తదైనా సెకండ్‌హ్యాండ్‌దైనా ఈ తనిఖీ చేయండి, సెకండ్‌హ్యాండ్ అయితే డబ్బు చేతిలోంచి వదలకముందే.

నారి ఎక్కించాక విల్లుని నిలువుగా పట్టుకుని, నారి వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. నారి గీత రెండు లింబ్స్ నడిమధ్య నుంచి పోవాలి. ఒక చివర పక్కకి తిరిగినట్టుంటే లింబ్ మెలిపడిందన్నమాట. కొంచెం ఉంటే సరిచేయొచ్చు, కొత్తవాళ్లకెందుకా తలనొప్పి, వదిలేయండి. తర్వాత ఒక దూది ఉండ తీసుకుని లింబ్స్ అంచుల వెంట పైనుంచి కిందికి తేలిగ్గా రాయండి. పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఆగి చూడండి, చెక్క పొర లేచిందో ఫైబర్‌గ్లాస్ చీలిందో అక్కడే ఉంటుంది. పొడవునా సన్నని నెరియలు పైపూతలో కనిపిస్తే భయం లేదు, అడ్డంగా ఉన్న గీత కనిపిస్తే మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు. లింబ్ రైజర్‌లో కూర్చునే చోట కదలకూడదు. బోల్టు రంధ్రం చుట్టూ కూడా చూడండి, అక్కడ పగులు దాక్కుంటుంది.

నారి విషయానికొస్తే, లింబ్స్ చివర్లు గట్టి నారులకి తగినట్టు బలపరిచామని కంపెనీ చెప్తే తప్ప కొంచెం సాగే డాక్రాన్ నారే వాడండి. ఫాస్ట్‌ఫ్లైట్ అని సాగని రకం వస్తుంది, బాణం వేగంగా పోతుంది కానీ మామూలు చెక్క చివర్లని కోసేస్తుంది. నారికీ పిడికి మధ్య దూరం, అంటే బ్రేస్ హైట్, 62 అంగుళాల రికర్వ్‌కి ఏడున్నర నుంచి ఎనిమిదింపావు అంగుళాలు, లాంగ్‌బోకి ఆరు, ఏడు మధ్య. పిడికిలి బిగించి బొటనవేలు పైకి లేపితే వచ్చే ఎత్తే పాతకాలం కొలత. తక్కువైతే నారికి నాలుగు మెలికలు ఎక్కించండి, ఎక్కువైతే విప్పండి.

నారి ఎక్కించే తాడు, బో స్ట్రింగర్, విల్లుతో పాటే కొనండి. కాలు మధ్యలో పెట్టి తొడతో విల్లుని వంచి ఎక్కించడం వీరోచితంగా కనిపిస్తుంది, నేనూ అలాగే ఎక్కించేవాణ్ణి. ఒకరోజు పాదం జారింది, విల్లు గిర్రున తిరిగి దవడ కింద కొట్టింది, పళ్లు దక్కాయి కానీ కింది లింబ్ అప్పటి నుంచీ కొంచెం మెలితిరిగే ఉంది. స్ట్రింగర్‌తో అయితే దాని రెండు తొడుగులూ విల్లు కొసలకి తగిలించి, తాడు నేల మీద తొక్కి, పిడి పట్టుకుని పైకి లేపడమే, లింబ్స్ రెండూ సమానంగా వంగుతాయి, రెండో చేత్తో పై ఉచ్చుని గాడిలోకి జరిపితే చాలు. పది సెకన్ల పని.

బాణాలు విల్లుకి తగ్గట్టు, విల్లుతో పాటు

విల్లుకి డబ్బంతా పోసి ఏవో బాణాలు తెచ్చుకోవడం రెండో పెద్ద తప్పు. బడ్జెట్‌లో సగం విల్లుకి, మిగిలిన సగం బాణాలకీ మిగతా సామానుకీ కలిపి అనుకోండి.

నారి వదలగానే బాణం నిటారుగా పోదు, పాములా వంకరలు పోతూ విల్లు చెక్కని చుట్టుకుని వెళ్తుంది. ఆ వంగడం మీ విల్లు బలానికి తగినట్టు ఉండాలి, ఈ గుణాన్ని స్పైన్ అంటారు. బాణాన్ని 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద పెట్టి మధ్యలో 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే ఎంత దిగిందో దాన్ని వెయ్యో వంతు అంగుళాల్లో చెప్తారు. అర అంగుళం దిగితే 500, ఒక అంగుళం దిగితే 1000. అంకె పెరిగే కొద్దీ బాణం మెత్తన. దుకాణాల్లో ఎక్కువగా దొరికేది 500, అది మన 25 పౌండ్ల విల్లుకి మరీ బిరుసు, కుడిచేతి వాటం వాళ్లకి అన్నీ ఎడమ పక్కకే పోతాయి, తప్పు తమదే అనుకుని నెలలు కుస్తీ పడతారు. 20, 25 పౌండ్లకి 900, 1000 దగ్గర, 30కి 700, 800 దగ్గర చూడండి. ములుకు బరువుని బట్టీ బాణం పొడవుని బట్టీ ఇవి కాస్త మారతాయి. పొడవు మీ డ్రా లెంగ్త్ కంటే రెండు అంగుళాలు ఎక్కువే ఉంచండి, మీ లాగుడు ఇంకా స్థిరపడలేదు, పొట్టి బాణం లాగుతూ లాగుతూ గట్టు దాటి లోపలికొస్తే ములుకు నేరుగా చేతి వైపే ఉంటుంది.

బాణం వెనక పింజలు ప్లాస్టిక్‌వి కాకుండా ఈకలవి తీసుకోండి, గట్టు మీద నుంచి వేసినప్పుడు ఈక ఒదిగిపోతుంది, ప్లాస్టిక్ తగిలి బాణాన్ని తన్నేస్తుంది. మరీ తేలిక బాణాలు వద్దు, విల్లు పౌండ్‌కి కనీసం 8, 9 గ్రెయిన్లు ఉండాలి. 30 పౌండ్లకి 270 గ్రెయిన్లు, అంటే పదిహేడున్నర గ్రాములు. కార్బన్ బాణం ప్రతిసారీ వేసేముందు రెండు చేతులతో కొద్దిగా వంచి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. చిటపటమంటే విరిచి పారేయండి, దాచుకోవద్దు, పగిలిన కార్బన్ వేసేటప్పుడు చీలి చేతిలో దిగుతుంది. ఆరు బాణాలు చాలు, ఒకటి రెండు గడ్డిలో పోతాయని ముందే లెక్కేసుకోండి.

ముంజేతికి ఆర్మ్‌గార్డ్, వేళ్లకి తోలు ట్యాబ్ తప్పనిసరి. అంబులపొది తర్వాత, మొదట్లో పాత పీవీసీ గొట్టం నేలలో పాతినా పనైపోతుంది (పీవీసీకి నేనిచ్చే పని ఇదే). టార్గెట్ కొనక్కర్లేదు, గోనె సంచిలో పాత బట్టలు ఊపిరాడకుండా కూరి కుట్టేయండి. మా అమ్మ పాత చీరలు రెండు బస్తాలు ఇచ్చింది, చీరలంత మంచి సరుకు లేదు, గుండీలుండవు కదా. ప్యాంట్లూ షర్టులూ వేస్తే మాత్రం జిప్పులూ గుండీలూ కత్తిరించాకే వేయండి, బాణం వాటికి తగిలి పాడవుతుంది.

మొదటి రోజులు

అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద వేయొద్దు, ఎంత నచ్చజెప్పుకున్నా వద్దు. 25 పౌండ్ల విల్లు బాణం కూడా వంద మీటర్లు దాటి పోగలదు. టార్గెట్ వెనక మట్టి గట్టు ఉన్న చోటు, లేదా ఎవరూ తిరగని పొలం చూసుకోండి. ఏడెనిమిది మీటర్ల నుంచి మొదలుపెట్టి రోజుకి ముప్పై, నలభై బాణాలు, అంతే. అలిసిపోయాక వేసే ఒక్కో బాణం తప్పుడు అలవాటుని గట్టిపరుస్తుంది. విల్లుని ఎండలో కారులో వదలొద్దు, మన మే నెల వేడికి లింబ్స్ పొరల మధ్య జిగురు వదిలేస్తుంది. రాత్రికి నారి దించేయండి. చెక్క విల్లుని గోడకి చేరవేసి ఉంచొద్దు, రెండు మేకుల మీద అడ్డంగా పడుకోబెట్టండి. విమానంలో వెళ్తే చెక్ఇన్‌లోనే, క్యాబిన్‌లోకి రానివ్వరు.

పౌండ్లు ఎప్పుడు పెంచాలి అన్నదానికి క్యాలెండర్ లేదు, పది లెక్క ఉంది. వంద బాణాలు వేశాక కూడా లాగి పది లెక్కపెట్టేదాకా నిలపగలిగితే, అదీ పది మీటర్ల నుంచి ఆరు బాణాలు అన్నం పళ్లెంలో పడుతుంటే, అప్పుడు ఎక్కువ పౌండ్ల లింబ్స్ గురించి మాట్లాడుకోవచ్చు. ఒక్కసారికి నాలుగైదు పౌండ్లకి మించొద్దు.

మా వాడు మొన్న ఆదివారం ఫోన్ చేసి "మావయ్యా, 30 లింబ్స్ ఆఫర్‌లో ఉన్నాయి, కొనేయనా?" అన్నాడు. విల్లు తీసి లాగి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి లెక్కపెట్టరా అన్నాను. ఏడు దాకా వచ్చాడు.